పూల మీది చిన్న ఈగ: పేరు చెప్పే ముందు చూడాల్సినవి

అందరికీ నమస్కారం.

తెర మీద ఫొటో చూడండి. తెల్లటి చిన్న పూల గుత్తి, దాని మీద ఒక ఈగ. పొడవు నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. ఒళ్ళు బూడిద రంగు, పొట్ట పక్కల కాస్త పసుపు, వీపు మీద నిక్కబొడుచుకున్న నల్లటి వెంట్రుకలు. తల కింద నుంచి సన్నటి తొండం పూవులోకి దిగి ఉంది. ఇలాంటి ఫొటో చూపించి "ఇదేం ఈగండీ?" అని అడిగితే మామూలుగా రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకటి "ఏదో ఈగ". రెండోది, ఎక్కడో చూసిన బొమ్మతో పోల్చి టక్కున చెప్పేసే జాతి పేరు. ఈ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరంలో ఎంతవరకు ధైర్యంగా నడవొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే ఇవాళ నేను చెప్పదలచుకున్నది.

ముందు ఈ ఈగ మీద నాకెందుకు అంత ఆసక్తో చెప్పాలి. ఇప్పుడది మకరందం తాగుతోంది, ఎవరికీ అపకారం చెయ్యనట్టు కనిపిస్తోంది. కానీ పూల దగ్గరికి వచ్చే ముందు దీని బాల్యమంతా ఇంకో పురుగు ఒంట్లో గడిచింది. బతికున్న పురుగు లోపలే ఉండి, దాన్ని తింటూ పెరిగి, చివరికి దాన్ని చంపి బయటికొచ్చింది. పేను, బద్దె పురుగు లాంటి పరాన్నజీవులు మామూలుగా ఆతిథేయిని, అంటే తాము ఆశ్రయించిన జీవిని, చంపవు, దాని మీద ఆధారపడి బతుకుతాయి. ఈ ఈగ అలా కాదు, దీని ఎదుగుదల పూర్తి కావాలంటే ఆతిథేయి చావాల్సిందే. పంటల పుస్తకాల్లో బదనికలు అని రాసేది ఇలాంటి వాటి గురించే. అందుకే దీన్ని గుర్తుపట్టడం అంటే ఒక పేరు కనుక్కోవడంతో అయిపోదు. ఆ చుట్టుపక్కల ఏ పురుగు చస్తోందో, ఎందుకు చస్తోందో కూడా తెలుస్తుంది.

సరే, మొదలుపెడదాం. ఇది ఈగేనా? రెక్కలు ఒక్క జతే ఉన్నాయి. తేనెటీగలకు, కందిరీగలకు రెండు జతలుంటాయి. ఈగల్లో వెనక జత చిన్న గుబ్బలుగా మారిపోయి ఉంటుంది. మీసాలు పొట్టిగా ఉండి, మూడో కణుపు మీద ఒక సన్నటి వెంట్రుక నిలబడి ఉంటుంది. కాబట్టి ఇది ఈగే, దోమల వర్గం కూడా కాదు. ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

అసలు కష్టం ఇప్పుడు మొదలవుతుంది. బూడిద రంగు, నల్లటి బిరుసు వెంట్రుకలు, ఇంటి ఈగ లాంటి ఆకారం. ఇలాంటి ఈగల కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంటి ఈగ కుటుంబం, మాంసం మీద వాలే ఈగల కుటుంబం, తళతళలాడే ఆకుపచ్చ, నీలం ఈగల కుటుంబం, వేర్లు తినే పురుగులుగా పెరిగే ఆంథోమైయిడ్ ఈగలు, వీటన్నింటితో పాటు మనకు కావాల్సిన టాకినిడ్ ఈగలు. టాకినిడ్ కుటుంబంలో ఇప్పటికి పేరు పెట్టినవే 8,500 జాతులకు పైగా ఉన్నాయి. ఈగల్లో అతి పెద్ద కుటుంబాల్లో ఇదొకటి. అందులో జీవితం తెలిసిన ప్రతి జాతీ ఇతర కీటకాల మీదో, అరుదుగా జెర్రుల్లాంటి వేరే సంధిపాద జీవుల మీదో పెరిగేదే. కాబట్టి "ఇది టాకినిడ్" అని రుజువైతే, అది పరాన్నజీవి అన్న సంగతి కూడా దాంతోపాటే రుజువైనట్టు. అందుకే ఈ ఒక్క మెట్టు మీద కాసేపు నిలబడదాం.

మనం ఫొటోలు పైనుంచి తీస్తాం. టాకినిడ్ గుర్తులు మాత్రం పక్కన ఉంటాయి. ఈగ వీపు వెనక చివర ఒక చిన్న త్రికోణపు పలక ఉంటుంది, మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పలక కింద ఏముందో చూడండి. ఇంటి ఈగలో, మాంసపు ఈగలో అక్కడ ఏమీ ఉండదు, లేదా చదునుగా ఉంటుంది. టాకినిడ్‌లో మాత్రం పలక కింద గుండ్రంగా, స్పష్టంగా ఒక ఉబ్బు పొడుచుకుని వస్తుంది. పక్కనుంచి చూస్తే ఒకదాని కింద ఒకటి రెండు మిట్టలు కనిపిస్తాయి. రెండో మిట్ట కనిపించిందా, సగం పని అయిపోయినట్టే. రాళ్ళ కింద, తడి చెత్తలో ఉండే ఊడ్‌లైస్‌ అనే చిన్న బహుపాద జీవుల మీద పెరిగే రైనోఫోరిడ్ ఈగల్లో కూడా ఈ ఉబ్బు కొద్దిగా కనిపిస్తుంది, కానీ ఇంత పూర్తిగా కాదు.

రెండో గుర్తు ఉరం, అంటే రెక్కలు, కాళ్ళు ఉండే నడిమి భాగం, పక్కన ఉంటుంది. నడిమి కాలి మొదలుకు పైన, వెనక కాలి మొదలుకు కాస్త ముందు, బిరుసు వెంట్రుకల నిలువు వరుస ఒకటి ఉంటుంది. ఇంటి ఈగకు, ఆంథోమైయిడ్‌లకు ఆ వరుస ఉండదు. మాంసపు ఈగలకు, ఆకుపచ్చ ఈగలకు, టాకినిడ్‌లకు ఉంటుంది. అంటే వెంట్రుకల వరుస ఉండి, పలక కింద ఉబ్బు కూడా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

మూడోది రెక్కలోని ఈనె. రెక్క మధ్యలో పోయే పొడుగాటి ఈనె అంచుకు చేరే ముందు పైకి వంగి, పై ఈనె వైపు పోతుంది. చాలామంది దీన్నే మొదట పట్టుకుంటారు, ఎందుకంటే పైనుంచి తీసిన ఫొటోలో కనిపిస్తుంది కాబట్టి. కానీ ఇంటి ఈగలో కూడా ఆ వంపు ఉంటుంది. ఇది తోడు సాక్ష్యమే తప్ప తీర్పు చెప్పడానికి సరిపోదు. మీసం మీది వెంట్రుక కూడా అంతే. మాంసపు ఈగలో అది సగం దాకా ఈకలా ఉంటుంది, టాకినిడ్‌లలో ఎక్కువగా నున్నగా ఉంటుంది. అయితే పెంకు పురుగుల పిల్లల మీద పెరిగే కొన్ని టాకినిడ్‌లకు ఈకలాంటి వెంట్రుకే ఉంటుంది. ఒకే గుర్తుతో నిర్ణయం తీసుకోవద్దని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

ఇప్పుడు మన ఈగ పక్క ఫొటో చూడండి. రెండో మిట్ట కనిపిస్తోంది కదా? వెంట్రుకల వరుస కూడా ఉంది. ఇది టాకినిడ్. ఈ మాట గట్టిగా చెప్పొచ్చు.

ఇక తొండం దగ్గరికి వద్దాం. ఈ ఈగలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మామూలు టాకినిడ్‌లకు తొండం పొట్టిగా, చివర మెత్తటి దిండుతో ఉంటుంది. అందుకే అవి ధనియాల పూత, సోంపు పూత, క్యారెట్ పూత లాంటి వాటి మీదికే ఎక్కువగా వస్తాయి. ఆ పూలలో మకరందం లోతుగా దాక్కోదు, పైనే తెరిచి ఉంటుంది. మన ఈగ తొండం అలాంటిది కాదు. తల కంటే చాలా పొడవు. మొదలు దగ్గర ఒక మోచేయి, మధ్యలో ఇంకో మోచేయి. వాడనప్పుడు మడత కత్తిలా రెండుగా మడిచి తల కింద పెట్టుకుంటుంది, చివరి సగం వెనక్కి తిరిగి ఉంటుంది. పూవు దొరకగానే చాచి సన్నటి గొట్టంలోకి దించుతుంది. ఇంత చిన్న టాకినిడ్‌లో ఇలాంటి మడత తొండం కనిపించిందంటే అది సైఫోనా ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) అనుకోవడానికి చాలా బలమైన కారణం దొరికినట్టే. ఈ ప్రజాతికి 1803లో పేరు పెట్టినవాడు యోహాన్ విల్‌హెల్మ్ మైగెన్. ఈగల శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ముఖ్యుడు.

అయితే తొండం ఒక్కటే చూసి సైఫోనా అనేయకండి. పూల మీద ఇంకో మడత తొండం ఈగ కూడా ఉంటుంది. కానోపిడ్ కుటుంబంలోని థెకోఫోరా. అది కూడా చిన్నదే, దాని తొండమూ రెండు చోట్ల మడత పడుతుంది. ఫొటోలో తొండం మాత్రమే స్పష్టంగా ఉంటే రెండూ ఒకేలా అనిపిస్తాయి. అప్పుడు వెంట్రుకలు చూడండి. సైఫోనా ఒంటి నిండా బిరుసు వెంట్రుకలే, థెకోఫోరా దాదాపు నున్నగా ఉంటుంది. దాని తల ఒంటి కంటే వెడల్పుగా కనిపిస్తుంది, పొట్ట చివర కిందికి వంకర తిరుగుతుంది. ఆడదైతే పొట్ట అడుగున ఒక పలక పొడుచుకు వచ్చి ఉంటుంది. కానోపిడ్ ఆడ ఈగ పూల దగ్గర కాపు వేసి, మకరందానికి వచ్చిన తేనెటీగ మీద దూకి, దాని పొట్ట పలకల సందు తెరిచి లోపల గుడ్డు పెడుతుంది. దానికి సాయపడేదే ఆ పలక. లార్వా తేనెటీగ పొట్టలోనే పెరిగి, అక్కడే ప్యూపాగా మారుతుంది. ఇలా పట్టుబడిన బంబుల్‌బీలు (బొచ్చుతో ఉండే పెద్ద తేనెటీగలు) చనిపోయే ముందు తమంతట తామే నేలలోకి తవ్వుకుని పోతాయని గమనించారు. ఆ గుంతలో చలికాలం గడపడం లోపలున్న ఈగకు క్షేమం. అంటే బంబుల్‌బీ చివరి పని ఈగకే ఉపయోగపడుతోంది.

తొండం ఉన్న మిగతా వాటిని త్వరగా చెప్పేస్తాను. పశువుల రక్తం తాగే స్టోమాక్సిస్ ఈగ తొండం గట్టిగా, సూటిగా ముందుకు పొడుచుకుని ఉంటుంది, మడత పడదు. బాంబిలిడ్ ఈగల తొండం కూడా అంతే, పొడుగ్గా ముందుకే ఉంటుంది. పైగా అవి మెత్తటి బొచ్చుతోనో, సన్నటి కాళ్ళతో గూని వీపుతోనో ఉంటాయి. ప్రోసెనా అనే టాకినిడ్‌కు కూడా పొడుగు తొండం ఉంది, కానీ అది సైఫోనా కంటే చాలా పెద్దది, మీసం వెంట్రుక ఈకలా ఉంటుంది. ఇక కళ్ళ మీద అడ్డచారలతో, ముక్కులా ముందుకొచ్చిన ముఖంతో ఒక ఈగ పూల మీద కనిపిస్తే అది స్టోమోరైనా. దాన్ని చాలామంది సిర్ఫిడ్ ఈగ (పూల దగ్గర గాలిలో నిలిచి ఎగిరే ఈగ) అనుకుంటారు. అందులో స్టోమోరైనా లునాటా అనే జాతి పిల్లలు నేలలో మిడతలు పెట్టిన గుడ్ల మూటలు తిని పెరుగుతాయి.

ఇప్పటికి ఎక్కడికి వచ్చాం? కుటుంబం టాకినిడే, ప్రజాతి సైఫోనా. తరవాతి ప్రశ్న జాతి. ఇక్కడ నేను ఆగుతాను. మిమ్మల్ని కూడా ఆగమని అడుగుతాను.

ఎందుకంటే సైఫోనా జాతుల మధ్య తేడాలు చాలా సూక్ష్మమైనవి. మీసం మీది వెంట్రుక తొలి కణుపులు ఎంత పొడవు, తొండం ఏ భాగం ఎంత, ఫలానా చోట వెంట్రుకలు రెండా మూడా, మగ ఈగ జననాంగాల ఆకారం ఎలా ఉంది, ఇవీ చూడాల్సినవి. రంగు ఒకే జాతిలోనే మారుతుంది. పొట్ట మీది పసుపు ఒకదానిలో ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ. ఎంత మంచి ఫొటో అయినా ఇవన్నీ చూపించలేదు. మైక్రోస్కోపు కింద పెట్టిన నమూనా కావాలి, ఆ ప్రాంతపు జాతుల మీద పని చేసిన మనిషి కావాలి. అప్పుడు కూడా కొన్నిసార్లు పేరు రాదు. "సైఫోనా, జాతి తెలియదు" అని రాసిన నమోదు నూటికి నూరుపాళ్ళూ నిజం. పక్కన ఊహించి రాసిన జాతి పేరు ఇంకో పదిమంది చేతుల్లోకి వెళ్ళి, పటాల మీద చుక్కగా మారి, చివరికి ఆ జాతి ఎప్పుడూ లేని చోట ఉన్నట్టు చూపిస్తుంది. ఈ విషయంలో నాకు కాస్త పట్టుదల ఎక్కువే.

వెనక వరసలోంచి ఒకరు ఫోను చూపిస్తున్నారు. ఏమండీ? ఆప్ జాతి పేరు చెబుతోందా? మంచిది. ఆ పేరును సలహాగా తీసుకోండి. ఆప్ మీ ఫొటోను తన దగ్గరున్న ఫొటోలతో పోల్చి చూస్తుంది. మీ ఫొటోలో లేని గుర్తును అది కూడా చూడలేదు. పలక కింది ఉబ్బు అందులో కనిపించకపోతే, కుటుంబం పేరు కూడా అనుమానమే.

నమూనా చేతిలో ఉన్నా కళ్ళు మోసపోతాయనడానికి ఒక ఉదాహరణ చెప్పాలి. కోస్టా రికాలోని గ్వానకాస్తే సంరక్షణ ప్రాంతంలో డేనియల్ జాన్‌జెన్, విన్నీ హాల్‌వాక్స్ బృందం దశాబ్దాలుగా గొంగళి పురుగులను తెచ్చి పెంచి, వాటిలోంచి ఏ ఈగలు వస్తున్నాయో రాసి పెడుతోంది. అలా వచ్చిన టాకినిడ్‌లలో 16 జాతులు ఏ గొంగళి పురుగు దొరికితే దాని మీద పెరిగేవి అనిపించాయి. 2007లో వాటి డీఎన్ఏ బార్‌కోడ్‌లు, అంటే జాతులను వేరు చేయడానికి పోల్చే చిన్న డీఎన్ఏ ముక్కలు, చూసిన ఫలితం బయటికొచ్చింది. ఆ 16 జాతుల్లో 73 వేర్వేరు వంశాలు కనిపించాయి. చూపుకు ఒకటే అయిన ఈగల్లో చాలా వాటికి ఎవరి గొంగళి పురుగు వాళ్ళకే ఉంది. అంటే ఈగను గుర్తించడంలో అది ఏ పురుగులోంచి వచ్చిందన్నది దాని ఒంటి మీది వెంట్రుకలంత ముఖ్యం.

అందుకే కాసేపు పూలను వదిలి ఆతిథేయి దగ్గరికి వెళ్దాం. సైఫోనా జాతులు ఎక్కువగా చిమ్మటల (రాత్రిపూట ఎగిరే, సీతాకోకచిలుకల్లాంటి పురుగుల), ముఖ్యంగా నాక్టుయిడ్ కుటుంబపు గొంగళి పురుగుల మీద పెరుగుతాయి. సైఫోనా జెనిక్యులాటా మాత్రం వేరే దారి పట్టింది. పొడవాటి కాళ్ళతో పెద్ద దోమలా కనిపించే టిప్యులా ఉంటుంది చూడండి, దాని పిల్లలు నేలలో గడ్డి వేర్లు తింటాయి. ఆ పిల్లల మీద ఇది పెరుగుతుంది. టిప్యులా పలుడోసా యూరప్ నుంచి క్యానడాకు చేరి గడ్డి నేలలకు తెగులుగా మారినప్పుడు, దాని వెనకే ఈ చిన్న ఈగను కూడా తీసుకెళ్ళి విడిచారు.

ఇంత చిన్న ఈగ తన పిల్లను ఇంకో పురుగు లోపలికి ఎలా చేరుస్తుంది? కందిరీగ జాతి బదనికలకు సూది లాంటి అవయవం ఉంది, గుచ్చి లోపల గుడ్డు పెడతాయి. టాకినిడ్‌లలో చాలా వాటికి ఆ సూది లేదు. లేకపోవడం వల్ల అవి ఎన్ని దార్లు కనిపెట్టాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కొన్ని పురుగు ఒంటి మీదే తెల్లటి గుడ్డు అతికిస్తాయి. పట్టు పురుగుల పెంపకంలో ఉన్నవాళ్ళకు బాగా తెలిసిన ఊజీ ఈగ అలాంటిదే. లార్వా లోపలికి దూరిన చోట పట్టు పురుగు చర్మం మీద నల్లటి మచ్చ పడుతుంది. ఇంకొన్ని కంటికి ఆనని గుడ్లను ఆకుల మీద పెట్టి వెళ్ళిపోతాయి. ఆకు తినే గొంగళి పురుగు గుడ్డును కూడా మింగేస్తుంది, అది కడుపులో పొదుగుతుంది. సైజెనిస్ ఆల్బికన్స్ అనే ఈగ అయితే వింటర్ మాత్ అనే చిమ్మట గొంగళి పురుగు కొరికిన ఆకుల వాసన పట్టుకుని, ఆ ఆకుల మీదే గుడ్లు పెడుతుంది. సైఫోనా పద్ధతి మరోటి. తల్లి ఒంట్లోనే గుడ్డు పూర్తిగా ఎదిగి, బయటికి రాగానే పొదిగి లార్వా అవుతుంది. ఆతిథేయిని చేరే పని ఆ లార్వాది.

లోపలికి వెళ్ళిన లార్వాకు గాలి కావాలి. ఆతిథేయి శరీరం ఈ దొంగను బంధించడానికి చుట్టూ ఒక పొర కట్టడం మొదలుపెడుతుంది. చాలా టాకినిడ్ లార్వాలు ఆ పొరనే గరాటులా మలుచుకుని, ఆతిథేయి చర్మానికో, గాలి గొట్టానికో తగిలించుకుని, వెనక భాగంతో ఊపిరి పీలుస్తాయి. తనను చంపడానికి కట్టిన గోడనే అది ఊపిరి గొట్టంగా వాడుకుంటుంది. నాకు తెలిసిన కీటక జీవితాల్లో ఇంత అబ్బురమైనవి చాలా తక్కువ.

ఇంకో ప్రశ్న వచ్చింది: ఇవి సీతాకోకచిలుకల గొంగళి పురుగులను కూడా చంపుతాయి కదా, వీటిని తరిమేయాలా అని. వద్దండీ. ఒక చోట ఎప్పటినుంచో ఉన్న ఈగ, అక్కడి గొంగళి పురుగులు కలిసే బతుకుతున్నాయి. చిక్కు మనుషులు ఒక చోటి ఈగను ఇంకో చోటికి మోసుకెళ్ళినప్పుడు వస్తుంది. 1906 నుంచి అమెరికాలో స్పంజీ మాత్ అనే చిమ్మట మీదికి కాంప్సిల్యురా కాన్సినాటా అనే యూరప్ టాకినిడ్‌ను వదిలారు. అది దాంతో ఆగకుండా అక్కడి పెద్ద పట్టు చిమ్మటలతో సహా 150కి పైగా జాతులను పట్టుకుంది. ఫిజీలో 1925లో కొబ్బరి ఆకులు తినే లెవువానా చిమ్మట మీదికి మలయా నుంచి బెస్సా రెమోటాను తెచ్చారు. చెట్లు బతికాయి, కానీ ఫిజీకే పరిమితమైన ఆ చిమ్మట మళ్ళీ కనిపించకుండా పోయింది. ఏ ఈగ ఏ పురుగును పడుతుందో ముందే సరిగ్గా తెలియడం ఎంత అవసరమో ఈ రెండూ చెబుతాయి.

మీకు సైఫోనా కంటే ముందు కనిపించే అవకాశం ఉన్న ఇంకో గుంపు గురించి రెండు మాటలు. గుండ్రటి నారింజ పొట్ట, దాని మీద నల్ల మచ్చలు, దూరం నుంచి అక్షింతల పురుగులా ఉండే చిన్న ఈగ పూల మీద కనిపిస్తే అది గిమ్నోసోమా కావచ్చు. ఇది కంపు నల్లుల మీద పెరిగే ఫేసియైనే ఉపకుటుంబంలోది. నల్లులు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి విడిచే వాసనను ఈ ఉపకుటుంబపు ఈగల్లో కొన్ని పసిగట్టి వాటిని వెతుక్కుంటాయి. వెనక కాళ్ళకు ఈకల కుచ్చు ఉంటే అది ట్రైకోపోడా. వీటి విషయంలో రంగు కాస్త సాయం చేస్తుంది, అయినా గిమ్నోసోమా జాతులను ఫొటోలో విడదీయడం కష్టమే.

ఇక ఫొటో ఎలా తీయాలో చెబుతాను. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఈగలు మందకొడిగా ఉంటాయి, దగ్గరికి వెళ్ళనిస్తాయి. పైనుంచి ఒకటి తీశాక, నీడ దాని మీద పడకుండా నెమ్మదిగా పక్కకు జరిగి, ఈగ వీపు ఎత్తుకు కెమెరా దించి ఇంకోటి తీయండి. ఆ రెండో ఫొటోయే అసలు విషయం చెబుతుంది. కుదిరితే ముఖం ఎదురుగా ఒకటి. తొండం మడత చూడాలంటే ఫొటో కంటే చిన్న వీడియో మేలు, తాగి ముగించి మడిచే క్షణం అందులో దొరుకుతుంది. పొడవు తెలియడానికి అదే పూవును పక్కన స్కేలు పెట్టి తర్వాత తీసుకోవచ్చు. తేదీ, చోటు, పూవు పేరు రాయండి. ఆ చుట్టుపక్కల ఆకులు తిన్న ఆనవాళ్ళు, గొంగళి పురుగులు, నల్లులు ఉంటే అవి కూడా రాయండి.

చివరగా, మీలో గొంగళి పురుగులు పెంచేవాళ్ళకు ఒక మనవి. సీతాకోకచిలుక వస్తుందని ఎదురుచూస్తుంటే, పురుగు చచ్చిపోయి పక్కన గోధుమ రంగులో, నున్నటి చిన్న గుళిక ఒకటి కనిపిస్తుంది. చాలామంది నిరాశతో పారేస్తారు. దయచేసి పారేయకండి. అది ఈగ ప్యూపా. మూతకు గాలి సందులున్న చిన్న డబ్బాలో, కాస్త తేమగా ఉండే మట్టి మీద పెట్టండి. పురుగు ఫొటో, అది తిన్న మొక్క పేరు, దొరికిన తేదీ, ఈగ బయటికొచ్చిన తేదీ డబ్బా మీదే రాయండి. వచ్చిన ఈగతో పాటు ఖాళీ గుళికను, చనిపోయిన పురుగు చర్మాన్ని కూడా దాచండి, ఎందుకంటే ఆ గుళిక వెనక భాగంలోని ఊపిరి రంధ్రాల ఆకారం కూడా ప్రజాతిని గుర్తించడానికి పనికొస్తుంది. పూల మీద తీసిన ఫొటో ఎన్నటికీ ఇవ్వలేని సమాచారం ఆ డబ్బాలో ఉంటుంది.